వ్రాతపనిని నిలబెట్టిన బడి: కాళహస్తి కలంకారీ

అత్తిబెలె, హోసూరు వైపు వస్త్రదుకాణాలలో "కలంకారీ" అన్న పేరు ఇప్పుడు సర్వసాధారణమైంది. ఆ పేరుతో అమ్ముడయ్యే చీరలలో ఎన్నో కలం ముఖమే ఎరుగనివి. అవి రసాయన రంగులతో స్క్రీన్ ప్రింటు వేసినవి. అచ్చమైన కలంకారీ నేటికీ శ్రీకాళహస్తిలో చేతితోనే వ్రాయబడుతున్నది. పూర్వం ఆ ఊరివారు దీనిని వ్రాతపని అనేవారు. మచిలీపట్నం, పెడన ప్రాంతాలలో కొయ్య అచ్చులతో వేసేది అద్దకం. రెండూ చేతిపనులే అయినా పద్ధతులు వేరు.

ఈ పని ఒక దశలో కనుమరుగయ్యే స్థితికి వచ్చి మళ్ళీ నిలదొక్కుకున్నది. ఆ చరిత్ర తెలియాలంటే ముందుగా ఇంగ్లండు సంగతి కొంత చెప్పుకోవాలి. యంత్రాలు వచ్చి చేతిపనివారి బ్రతుకును, వస్తువుల అందాన్ని రెండింటినీ దెబ్బతీస్తున్న కాలంలో విలియం మారిస్ (1834–1896) అనే కవి, చిత్రకారుడు అక్కడ ఎదురు నిలిచాడు. 1877లో పాత కట్టడాల రక్షణకు ఒక సంఘం స్థాపించాడు. 1881లో లండను సమీపంలోని మెర్టన్ ఆబీలో అద్దకపు కర్మాగారం పెట్టి, నీలి, మంజిష్ఠ జాతి వేరు వంటి చెట్టు రంగులతోనే బట్టలు వేయించాడు. ఆయన భావాలతో పెరిగిన కళాకారులు 1887లో ఏర్పరచుకున్న ప్రదర్శన సంఘం పేరు మీదనే ఆ ఉద్యమానికి "ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్" అన్న పేరు స్థిరపడింది. మారిస్ స్మృతిని, ఆయన పనిని కాపాడే సంఘం ఒకటి 1955 నుండి అక్కడ ఉన్నది. రెండు శతాబ్దాల ముందే మన కోరమండల తీరపు బట్టలు ఇంగ్లండు ఇండ్లలో పరుపులకు, తెరలకు వాడుకలో ఉండేవన్నది ఇక్కడ గుర్తుంచుకోదగినది. మారిస్ మళ్ళీ వెతుక్కున్న చెట్టు రంగులు మనవారు తరతరాలుగా వాడినవే.

ఆ గాలి మన దేశానికీ వీచింది. ఆనంద కుమారస్వామి 1909లో భారతీయ చేతిపనివారిపై ఒక పుస్తకమే వ్రాశారు. మద్రాసు కళాపాఠశాలకు అధ్యక్షుడుగా ఉన్న డబ్ల్యు.ఎస్. హడావే 1917లో మద్రాసు రాజధానిలోని నూలుబట్టల చిత్రణ, అద్దకాల గురించి సచిత్ర గ్రంథం వెలువరించాడు. 19వ శతాబ్ది చివరినాటి కాళహస్తి రామాయణ వస్త్రం ఒకటి లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నది. అయితే గ్రంథంలో వర్ణన ఉన్నా, గాజుపెట్టెలో వస్త్రం ఉన్నా, వ్రాసే చేయి లేకపోతే విద్య నిలువదు. గుళ్ళకు, రథాలకు కథల వస్త్రాలు వ్రాయించే దాతలు తగ్గారు, పని తెలిసిన కుటుంబాలు కొద్దిగానే మిగిలాయి.

ఆ కొరతను తీర్చే పూనిక మంగళూరులో పుట్టిన కమలాదేవి చట్టోపాధ్యాయ (1903–1988) చేశారు. 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డుకు అధ్యక్షురాలై, 1950ల చివరలో కాళహస్తిలో శిక్షణ కేంద్రాన్ని తెరిపించారు. పాత పనివారు గురువులయ్యారు, పిల్లలు శిష్యులయ్యారు. అక్కడ నేర్చినవారిలో జొన్నలగడ్డ గురప్పశెట్టి ఒకరు. ఆయనకు 2008లో పద్మశ్రీ లభించింది. నేడు కాళహస్తిలో కలం పట్టేవారిలో అనేకులు ఆ తొలి శిష్యుల దగ్గర, వారి శిష్యుల దగ్గర నేర్చినవారే.

ఇక పని విధానం. గంజి పోయేట్లు ఉతికిన ముతక నూలుబట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును పాకనీయదు. కరక్కాయలోని వగరు ఇనుమును పట్టి నలుపుగా మారుస్తుంది. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో బొమ్మ గీస్తారు. కలమంటే మొన తీర్చిన వెదురుపుల్ల. దానికి మొనకు కాస్త పైన దారంతో గుడ్డ చుట్టి ఉంటుంది. ఆ గుడ్డ రంగును పీల్చుకుంటుంది, వేళ్ళతో నొక్కినకొద్దీ దించుతుంది. తుప్పు ఇనుమును, బెల్లాన్ని నీటిలో వారాల తరబడి ఊరవేస్తే నల్లరంగు వచ్చే కసిమి సిద్ధమవుతుంది. ఎరుపు కావలసినచోట ముందు పటిక నీరు పూస్తారు. తరువాత చిరివేరు లేక మంజిష్ఠ వేసి బట్టను ఉడికిస్తే పటిక ఉన్నచోట మాత్రమే రంగు అంటుకుంటుంది. పసుపు రంగు కరక్కాయ పువ్వునుండి, నీలం నీలిమందునుండి వస్తాయి. నీలంమీద పసుపు పడితే ఆకుపచ్చ.

దశదశకూ బట్టను పారే నీటిలో జాడించాలి. నిలువనీటిలో జాడిస్తే విడిపోయిన పటిక పక్కకు అంటి ఎరుపు చెదురుతుంది. స్వర్ణముఖి ఏడాది పొడవునా పారే నది కాదు. ఇది పనివారికి పాతకాలపు బాధే, నేడు మరింత పెద్దదైంది.

కొనేవారికి కొన్ని ఆనవాళ్ళు ఉపకరిస్తాయి. చేతివ్రాతలో రెండు ముఖాలు అచ్చంగా ఒకటిగా ఉండవు, గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం అవుతుంది, అక్కడక్కడ చుక్క జారి ఉంటుంది. కొత్త బట్టకు పాలు, కరక్కాయల వాసన ఉంటుంది. రంగులు మట్టి ఛాయలు. కళ్ళు చెదిరే గులాబీ రంగు కనిపిస్తే అనుమానించవలసిందే. ఏ ఒక్క గుర్తుతోనో తేల్చరాదు, అన్నీ కలిపి చూడాలి. కాళహస్తి కలంకారీకి చట్టరీత్యా భౌగోళిక సూచిక గుర్తింపు ఉన్నా, దుకాణంలో ఆ మాట వాడే ప్రతివారినీ అడిగేవారు అరుదు.

కమలాదేవి 1964లో భారత హస్తకళల మండలిని కూడా స్థాపించారు. మద్రాసు కేంద్రంగా పుట్టిన ఈ స్వచ్ఛంద సంస్థకు కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అనుబంధ మండళ్ళు ఉన్నాయి. ఆమె నడిపిన ప్రభుత్వ బోర్డును మాత్రం కేంద్రం 2020 ఆగస్టులో రద్దు చేసింది. హస్తకళల శాఖ కార్యాలయాలు కొనసాగుతున్నప్పటికీ, పనివారి మాట వినిపించడానికి ఉన్న ఆ వేదిక లేకుండా పోయింది. కనుక మండళ్ళ వంటి సంఘాలు జరిపే ప్రదర్శనల ప్రాధాన్యం పెరిగింది. చేతిపని ప్రదర్శనలు బెంగుళూరులోనూ జరుగుతుంటాయి. పనివారే వచ్చి అమ్మే అంగడి దొరికితే ఎదురుగా కలం పట్టి గీసి చూపమని అడుగవచ్చును. అటువంటి చోట బేరమాడేముందు ఆ బట్ట ఎన్నిసార్లు నీటిలో జాడించబడిందో ఒకసారి అడిగి చూడండి.