అరటిపండుకి దక్కిన క్రెడిట్

"నాలుగు అరటిపళ్ళు నల్లబడిపోయాయిరా, పారెయ్యనా?" అని మొన్న ఆదివారం అక్క ఫోన్ చేసింది. ఉంచు, వస్తున్నా అన్నాను. మా మేనకోడలికి సీలియాక్ జబ్బని రెండేళ్ళ కిందట తేలింది. గోధుమ తింటే దాని చిన్నపేగు దెబ్బతింటుంది. అందుకని దానికోసం బాదంపిండి, మచ్చలుపడ్డ అరటిపళ్ళు, మూడు గుడ్లు, చెంచాడు తేనె, కాస్త వంటసోడా కలిపి ఓవెన్లో పెడతాను. పంచదార అక్కర్లేదు. పచ్చి అరటికాయలో ఇంచుమించు ఐదోవంతు పిండిపదార్థమే. బాగా మగ్గేసరికి అది ఒకటి రెండు శాతానికి దిగిపోయి, మిగతాది చక్కెరలుగా మారిపోతుంది. నల్లబడ్డ పండే కేకుకి మంచి పండన్నమాట (అమ్మ ఇప్పటికీ ఒప్పుకోదు).

ఇదంతా ఇంటర్నెట్ పుట్టించిన ఫ్యాషన్ అనుకునేవాణ్ణి. కాస్త తవ్వితే వందేళ్ళ చరిత్ర బయటపడింది. తప్పు కారణంతో పనిచేసిన ఒక బగ్ ఫిక్స్ చరిత్ర అది.

1888లో లండన్ డాక్టర్ శామ్యూల్ గీ ఈ జబ్బు గురించి రాశాడు. నయమైతే తిండితోనే నయమవ్వాలని సరిగ్గానే పట్టుకున్నాడు. కానీ తిండి లిస్టు చూడండి: బియ్యం పనికిరాదట, రెండు వైపులా బాగా కాల్చిన పల్చటి రొట్టె ఇవ్వొచ్చట! విషం రొట్టెలో ఉంటే పాపం అన్నం బ్లాక్‌లిస్టయింది. ఒక పిల్లాడికి రోజూ డచ్చి ఆల్చిప్పల మాంసం పెడితే కోలుకున్నాడనీ, వాటి సీజన్ అయిపోగానే మళ్ళీ జబ్బు పడ్డాడనీ కూడా రాశాడు.

ఇక మన హీరో సిడ్నీ హాస్, న్యూయార్క్ పిల్లల డాక్టరు. 1924లో పదిమంది పిల్లల సంగతి ప్రచురించాడు. అరటిపళ్ళ పథ్యం పెట్టిన ఎనిమిదిమంది కోలుకున్నారు. ఆ పథ్యం అందని ఇద్దరూ చనిపోయారు. ఆ రోజుల్లో ఇది మామూలు విషయం కాదు, కళ్ళముందే పిల్లలు చిక్కి శల్యమై పోయేవారు. హాస్ లెక్క ప్రకారం దోషి పిండిపదార్థం. మగ్గిన అరటిపండులో అది ఉండదు కాబట్టి అరటిపండు మందు. అయితే అదే పథ్యంలో రొట్టె, బిస్కెట్లు, బంగాళాదుంపలు, ధాన్యాలన్నీ తీసేశాడు. ఒకే రిలీజ్‌లో రెండు మార్పులు చేసి బగ్ పోయిందంటే, దేనివల్ల పోయినట్టు? క్రెడిట్ మాత్రం అరటిపండు ఖాతాలో పడింది.

అసలు దోషిని పట్టుకున్నది హేగ్ నగరంలో పిల్లల డాక్టరు విల్లెమ్ డికె. ఆయనకి గోధుమ మీద ముందునుంచీ అనుమానం. 1944-45 చలికాలంలో జర్మన్ల ఆక్రమణ కింద హాలండ్‌లో కరువొచ్చింది. రొట్టె దొరక్క జనం తులిప్ దుంపలు తిన్నారు. ఊరంతా నీరసించిపోతుంటే సీలియాక్ పిల్లలు మాత్రం తేరుకున్నారు! యుద్ధం అయ్యాక రొట్టె తిరిగొచ్చింది, జబ్బూ తిరిగొచ్చింది. డికె అక్కడితో ఆగలేదు. ఒక్కో ధాన్యాన్నీ పెట్టి, తీసి, పిల్లల బరువూ మలంలో కొవ్వూ కొలిచి 1950లో థీసిస్ సమర్పించాడు. గోధుమ, రై హాని చేశాయి. బియ్యప్పిండి చెయ్యలేదు. గోధుమలోంచి విడదీసిన పిండిపదార్థం కూడా చెయ్యలేదు! దోషి గ్లూటెన్ అనే ప్రోటీన్.

హాస్ ఒప్పుకోలేదు. కొన్నాళ్ళు తన పథ్యం చేస్తే జబ్బు పూర్తిగా నయమవుతుందనీ, తర్వాత అన్నీ తినొచ్చనీ ఆయన నమ్మకం. ఆ మాట మీద ఎందరో పిల్లలు మళ్ళీ గోధుమకి వెళ్ళారు. ఈ జబ్బు ఒక్కోసారి పైకి ఏమీ కనపడనివ్వకుండా లోపల పేగుని తినేస్తూ ఉంటుంది. ఎనిమిదిమందిని నిలబెట్టిన డాక్టర్ని తప్పుపట్టడానికి మనసొప్పదు గానీ, ఈ భాగం దగ్గర మాత్రం నాకు కోపమొచ్చింది.

ఆయన థియరీ అక్కడితో పోలేదు. 1958లో ఎలైన్ గాట్‌షాల్ అనే తల్లి, పెద్దపేగు జబ్బుతో ఉన్న కూతుర్ని ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది. అప్పటికి ఆయన తొంభైకి దగ్గర్లో ఉన్నాడు. తర్వాత ఆవిడే ఆ పథ్యం మీద 1987లో పుస్తకం రాసింది. ధాన్యం వద్దు, పంచదార వద్దు, తేనె పర్లేదు, మచ్చలున్న అరటిపళ్ళు, గింజల పిండి. అచ్చం నా కేకే!

నిజానికి మా పిల్లకి ధాన్యం మానాల్సిన పనే లేదు. ఇడ్లీ, పెసరట్టు, అన్నం శుభ్రంగా తినొచ్చు. అయినా పోయిన వేసవిలో దానికి మళ్ళీ కడుపునొప్పి మొదలైంది. అమ్మ నేరం అరటిపండు మీద వేసింది, చలవ చేసిందని. కేకు ఆపాం, తగ్గలేదు. పాలు ఆపాం, తగ్గలేదు. ఒక్కొక్కటే తీస్తూ మూడోవారానికి పులుసులో వేసే ఇంగువ దాకా వచ్చాం. డబ్బా తిప్పి చూస్తే సన్నటి అక్షరాల్లో ఉంది: మైదా.