మాయల మరాఠీ ప్రాణం ఎక్కడుంది?

పోయిన ఏడాది ఎండాకాలంలో ఒక ఆదివారం. హైదరాబాద్‌లో మేం వెళ్లే చర్చిలో యూత్ మీటింగ్ అయిపోయాక ఇంటర్ చదివే కుర్రాడొకడు నా దగ్గరికొచ్చాడు. ‘అన్నా, లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌లో గాండాల్ఫ్ చచ్చిపోయి మళ్లీ తెల్లబట్టలతో వస్తాడు గదా, అది యేసుప్రభువు గురించేనా?’ అన్నాడు. నేను నోరు తెరిచేలోపే, వెనక కుర్చీలు సర్దుతున్న సంఘపెద్ద అందుకున్నాడు. ‘బైబిల్ల లేనిది ఏముందని ఆ మాయల మంత్రాల కతలల్ల ఎతుకుతున్నవు బిడ్డా?’

ఇద్దరికీ ఆ పూట సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ బాకీ.

కుర్రాడి ప్రశ్నకు పుస్తకాల్లో దొరికే జవాబు చిన్నదే. టోల్కీన్ గట్టి క్యాథలిక్. తన నవలకు పునాది మతపరమైనదేనని 1953లో ఒక పాద్రీ మిత్రుడికి రాశాడు. అదే మనిషి, నవల రెండో ముద్రణకు రాసిన ముందుమాటలో తనకు అన్యాపదేశ కథలంటే గిట్టవన్నాడు. ‘ఈ పాత్ర ఫలానా వాడు, ఆ ఉంగరం ఫలానా వస్తువు’ అని లెక్క కట్టడం ఆయనకు నచ్చదు. పాఠకుడు తన బతుక్కి కథను అన్వయించుకుంటే మాత్రం అభ్యంతరం లేదు. మొదటి పనిలో పెత్తనం రచయితది, రెండోదాంట్లో స్వేచ్ఛ పాఠకుడిది. ఆయన స్నేహితుడు సి.ఎస్. లూయిస్ మాత్రం 1950లో మొదలుపెట్టిన నార్నియా కథల్లో సింహం ఎవరో దాదాపు చెప్పేసినంత పని చేశాడు. టోల్కీన్‌కు ఆ కథలు పెద్దగా రుచించలేదు.

అయితే ఈ ప్రశ్న కోసం ఆక్స్‌ఫర్డ్ దాకా పోనక్కర్లేదు. మాకు దేవరకొండ చాలు.

మా తాత దేవరకొండ దగ్గర పల్లెల్లో ఉపదేశి. పాస్టరు నెలకోసారి వచ్చే ఊళ్లలో మిగతా రోజులు ప్రార్థన పెట్టేది, పిల్లలకు అక్షరాలు నేర్పేది, పీనుగ లేస్తే ముందు నడిచేది ఉపదేశే. ఆయన చేతిలో ఎప్పుడూ మూడు పుస్తకాలుండేవి. బైబిలు, క్రైస్తవ కీర్తనల పుస్తకం, ‘యాత్రికుని ప్రయాణం’. మూడోది జాన్ బన్యన్ రాసిన ‘పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్’. మొదటి భాగం 1678లో, రెండోది 1684లో వచ్చాయి. ప్రొటెస్టెంట్ మిషన్లు ఎక్కడికి పోతే అక్కడికి బైబిలు వెనకాలే ఈ పుస్తకమూ పోయింది. ప్రపంచంలో దాదాపు 200 భాషల్లోకి వెళ్లింది.

అది మా జిల్లాకు వచ్చిన దారి వంకరటింకరది. 1889లో అబ్రహాం ఫ్రీసెన్, మరియా అనే దంపతులు రష్యా సామ్రాజ్యం నుంచి బయల్దేరి నిజాం రాజ్యానికి వచ్చారు. ఇవాళ్టి ఉక్రెయిన్ ప్రాంతంలో జర్మన్ మాట్లాడే మెన్నొనైట్ బ్రదరెన్ సంఘం వాళ్లది. అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి నల్లగొండలో కేంద్రం పెట్టారు. 1899లో అమెరికా నుంచి అదే శాఖవాళ్లు మరికొందరు వచ్చారు. 1920 నాటికి నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, షంషాబాద్‌లలో వీళ్ల కేంద్రాలున్నాయి. 1937లో మహబూబ్‌నగర్, గద్వాల కూడా బాప్టిస్టుల నుంచి వీళ్ల చేతికొచ్చాయి. మెన్నొనైట్లకు ఒక ముఖ్యమైన నియమం: ఆయుధం పట్టకూడదు. పదేళ్లు తిరక్కుండానే సాయుధ పోరాటానికి గుండెకాయ కాబోతున్న జిల్లాలో ఆయుధం పట్టని మతం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

బన్యన్ పుస్తకాన్ని ఎవరూ ఫాంటసీ అనరు. కానీ ఒకసారి లోపల ఏముందో చూడండి. వీపు మీద మూటతో ఒక మనిషి ఇల్లు విడిచి బయల్దేరతాడు. దారిలో బురదగుంటలో కూరుకుపోతాడు. చేప పొలుసులు, రెక్కలు, కడుపులోంచి మంటలూ పొగా కక్కే అపొల్యోన్ అనే రాక్షసుడితో కత్తియుద్ధం చేస్తాడు. నిరాశ అనే పేరున్న మహాకాయుడు అతన్ని సందేహాల కోటలో బంధిస్తాడు. వాగ్దానం అనే తాళంచెవి తన రొమ్ము దగ్గరే ఉందని గుర్తొచ్చి బయటపడతాడు. చివర్లో వంతెన లేని నది. ఇది జానపద సినిమా కాకపోతే మరేమిటి? విఠలాచార్య చేతిలో పెడితే ఒక్క సెట్టు కూడా మార్చనక్కర్లేదు.

ఇజబెల్ హాఫ్‌మైర్ అనే దక్షిణాఫ్రికా పరిశోధకురాలు ఈ పుస్తకం ఆఫ్రికాలో తిరిగిన దారుల మీద 2004లో ‘ద పోర్టబుల్ బన్యన్’ అని ఒక పుస్తకం రాసింది. అక్కడి పాఠకులు బన్యన్‌ను మిషనరీలు చదివినట్టు చదవలేదంటుంది. ఉదాహరణకు యాత్రికుడికి సిలువ దగ్గర ఒక పత్రపు చుట్ట ఇస్తారు. పరలోక ద్వారం దగ్గర అది చూపించాలి. అది లేని ‘అజ్ఞానం’ అనే మనిషి గుమ్మం దాకా వెళ్లి కూడా వెనక్కి పోతాడు. వలస ప్రభుత్వం నల్లవాళ్ల చేత అడుగడుగునా కాగితాలు చూపించమనే దేశాల్లో ఆ చుట్ట ఉత్త ఉపమానంగా ఎలా మిగులుతుంది?

అది చదివాక నాకు మా ఊళ్లు గుర్తొచ్చాయి. బన్యన్ కథలో వీపు మీది మూట అంటే పాపం. మా తాత ముందు కూచుని విన్నవాళ్లు వెట్టిచాకిరీ చేసినవాళ్లు, లేదా వాళ్ల కొడుకులు. దొర మూట నెత్తిన పెట్టుకుని కూలి లేకుండా పక్క ఊరిదాకా మోసినవాళ్లు. గడీ గుమ్మం ముందు చెప్పులు చేతబట్టుకుని వంగి నిలబడ్డవాళ్లు. మూట తెగి కింద పడిందంటే వాళ్లకు పాపం ఒక్కటే గుర్తొచ్చి ఉంటుందని నేననుకోను. చివర్లో ఒక పెద్ద గుమ్మం, ‘లోపలికి రా’ అనే పిలుపు. బన్యన్ ఊహించని అర్థాలు ఎన్నో అక్కడ తయారై ఉంటాయి. ఇంకోటి. యాత్రికుడు పెళ్లాం పిల్లలు పిలుస్తున్నా చెవుల్లో వేళ్లు పెట్టుకుని పరుగెత్తుతాడు. ఇది ఒంటరి మనిషి రక్షణ. మా దగ్గర క్రైస్తవం అలా రాలేదు. వాడకు వాడ, చుట్టానికి చుట్టం కలిసి వచ్చారు. ఒంగోలు మిషన్‌లో 1878 జులై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అలాంటి జనానికి ఈ పరుగు కొంచెం ఎబ్బెట్టుగానే తోచి ఉంటుంది. రెండో భాగంలో భార్య క్రిస్టియానా పిల్లల్ని వెంటేసుకుని అదే దారిన బయల్దేరుతుంది. మా నాయనమ్మకు ఇష్టమైంది ఆ భాగమే.

ఇప్పుడు అసలు సంగతి. మా తాత రాత్రిపూట బన్యన్‌తో పాటు బాలనాగమ్మ కథ కూడా చెప్పేవాడు.

కథ మీకు తెలిసిందే. బుర్రకథగా ఊరూరా తిరిగింది, 1942లో జెమినీ వాళ్లు కాంచనమాలతో సినిమా తీశారు. మాయల మరాఠీ బాలనాగమ్మను కుక్కగా మార్చి తన గుహకు ఎత్తుకుపోతాడు. వెతుక్కుంటూ వచ్చిన మొగుణ్ణి రాయిని చేస్తాడు. ఏళ్లు గడిచాక కొడుకు బాలవర్ధిరాజు పెద్దవాడై బయల్దేరతాడు. మరాఠీని కొడితే చావడు, ఎందుకంటే అతని ప్రాణం ఒంట్లో లేదు. ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంది. చిలక మెడ విరిస్తే మరాఠీ కూలతాడు, రాళ్లన్నీ మనుషులవుతాయి.

ఒకసారి టౌను నుంచి వచ్చిన బోధకుడొకాయన ఇది విని మా తాతను నలుగురిలో మందలించాడట. సంఘంలో దయ్యాల కథలేంటని. నాయనమ్మ ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా తాత జవాబు కూడా చెప్పేది. ‘అయ్యా, కొడుకొచ్చి తల్లిని ఇడిపించిండు, రాళ్లయినోళ్లకు పాణమొచ్చింది. దీంట్ల దయ్యాన్ని నేను గెలిపియ్యలే గదా!’

నేను పదేళ్లప్పుడు అనుకుంటా, తాతను అడిగాను. బాలవర్ధిరాజు అంటే యేసుప్రభువేనా అని. చర్చి కుర్రాడు నన్ను అడిగిన ప్రశ్నే. తాత వెంటనే ఒప్పుకోలేదు. ‘గట్ల జోడు గట్టకురా. ముందుగాల కత మొత్తం ఇను’ అన్నాడు. కాసేపాగి చెప్పాడు. ‘నా చిన్నప్పుడు మా ఊరి దొరను సూస్తె మా నాయిన కాళ్లు వణికేటియి. దొర ఏమో బక్క పానం, మా నాయిన పయిల్వాను లెక్క ఉండేటోడు. అప్పుడు సమజుగాలే. దొర పాణం దొర కాడ లేదురా. మా నాయిన బయంల ఉంది.’

ఆ రోజు నాకది దొరల కథగానే అర్థమైంది. ఇంజనీరింగ్ అయిపోయి ఉద్యోగంలో చేరాక ఒకరోజు హెబ్రీ పత్రిక రెండో అధ్యాయం చదువుతుంటే ఆగిపోయాను. మరణభయం వల్ల జీవితకాలమంతా దాస్యంలో ఉన్నవాళ్లను విడిపించడానికి కొడుకు వచ్చాడని అక్కడ ఉంది. దాసుణ్ణి దాసుడిగా ఉంచుతున్నది భయం. తాత చెప్పింది ఈ వాక్యమే. కానీ ఆయన వాక్యాన్ని కథ మీద అతికించలేదు. 1946-51 మధ్య నల్లగొండలో గడీలు ఖాళీ అవుతుంటే కళ్లారా చూసినవాడు, తుపాకి పట్టకూడదనే సంఘంలో పుట్టినవాడు. ఆ రెంటి మధ్య నలిగిన పిల్లవాడు చిలక కథలో తనకు కావలసిన సువార్తను దొరకబుచ్చుకున్నాడు. ఆ రోజుల్లోనే కమ్యూనిస్టులు నాజర్ లాంటి కళాకారులతో బుర్రకథను ఊరూరా తిప్పారు. క్రైస్తవులు క్రీస్తు కథను బుర్రకథ కట్టారు. తంబురా అదే, వంతలు అవే. కథ చెప్పే పద్ధతికి మతమూ పార్టీ అడ్డం రాలేదు.

మరి అపొల్యోన్ రెక్కలు పనికొచ్చినచోట మాయల మరాఠీ గడ్డం ఎందుకు పనికిరాలేదు? దీనికి నాకు దొరికిన మంచి జవాబు మా పక్క ఊరి మనిషిదే అనొచ్చు. పాల్ హీబర్ట్ 1932లో షంషాబాద్‌లో మెన్నొనైట్ మిషనరీ దంపతులకు పుట్టాడు. తానూ మిషనరీ అయ్యాడు, తర్వాత మానవశాస్త్రవేత్త అయ్యాడు. మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక పల్లె మీద ఆయన రాసిన ‘కొండూరు’ 1971లో వచ్చింది. 1982లో రాసిన ఒక వ్యాసంలో తన తోటి మిషనరీల లోపాన్ని, తన లోపాన్ని కూడా, ఆయన బయటపెట్టాడు. పాశ్చాత్యుడి బుర్రలో రెండే అంతస్తులున్నాయి. పైన దేవుడు, పరలోకం. కింద సైన్సు, మందులు, వ్యవసాయం. పల్లె మనిషికి మధ్యలో ఇంకో అంతస్తు ఉంది. మైసమ్మ, పోచమ్మ, దయ్యాలు, దిష్టి, చేతబడి, ముహూర్తం. పిల్లకు జ్వరమొస్తే, బావిలో నీళ్లు పడకపోతే ఆ అంతస్తులో ప్రశ్నలు పుడతాయి. మిషనరీ దగ్గర వాటికి జవాబు లేదు, ఎందుకంటే ఆయన ఇంట్లో ఆ అంతస్తే లేదు. జవాబు దొరక్క జనం ఆదివారం చర్చికి, మంగళవారం చాటుగా మంత్రగాడి దగ్గరికి పోయారు.

దీన్ని కథలకు వర్తింపజేస్తే చిక్కుముడి వీడుతుంది. మిషనరీకి నిరాశ అనే మహాకాయుడు ఒక పోలిక మాత్రమే. మధ్య అంతస్తు లేనివాడికి రాక్షసుడు బొమ్మే కాబట్టి ప్రమాదం లేదు. మాయల మరాఠీ అలా కాదు, అతను నిజంగానే పక్క ఊళ్లో ఉన్నాడు.

ఇక్కడే ఆ టౌను బోధకుడికీ, మా సంఘపెద్దకూ కొంత న్యాయం చెయ్యాలి. ‘ఫాంటసీ’ అనే మాట వాడాలంటే ముందు అది నిజం కాదని నమ్మకం కుదరాలి. బాణామతి చేశారని అనుమానించి మనుషుల్ని కొట్టి చంపిన ప్రాంతం మాది. అక్కడ మంత్రగాడి కథ వినోదం కాదు. ఆ భయం నుంచి బయటపడ్డ మొదటి తరం ‘ఆ కథలొద్దు’ అనుకోవడం మొరటుతనం కాదు, ఒకరకంగా ప్రాణరక్షణ. హాబిట్‌లను చూసి ముచ్చటపడే మన సౌకర్యం వాళ్లకు లేదు.

కానీ దానికి మేం చెల్లించింది తక్కువేం కాదు. మాదిగవాడలకు జాంబపురాణం చెప్పే హక్కు డక్కలివాళ్లది. ఆదిలో జాంబవంతుడు పుట్టిన దగ్గర్నుంచి మొదలయ్యే ఆ కథలో మావాళ్లు ఎవరికంటే తక్కువ కాదు. మా ఇల్లు క్రైస్తవమయ్యాక ఆ కథ మా గడప ముందు ఆగింది. ఆ కిన్నెర ఎలా మోగుతుందో నేను మొదట విన్నది యూట్యూబ్‌లో, దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు. ఆయనది మా పక్కనే ఉన్న నాగర్‌కర్నూల్ జిల్లా. బెడ్‌ఫర్డ్ జైలు పక్షి రాసిన కల మా ఇంట్లో భద్రంగా ఉంది, యాభై మైళ్ల దూరంలోని కథ లేదు. తాత ఒక్క బాలనాగమ్మను కాపాడగలిగాడు. అది కూడా మందలింపులు తిని.

అందుకే కథల్లో ఆత్మీయ పాఠాలు వెతకడం మీద నాకు రెండు మనసులు. పాఠం దొరికాక కథను తొక్కలా పారేసే చదువు నాకు నచ్చదు. అలా చదివితే గాండాల్ఫ్ గడ్డమూ చిలక ఈకలూ మిగలవు, మనకు ముందే తెలిసిన ఒక్క వాక్యం మిగులుతుంది. దాన్ని బైబిల్లోనే నేరుగా చదువుకోవచ్చు. ఆ మాటలో సంఘపెద్దదే ఒప్పు. తాత చదువు దానికి తిరగబడ్డది. చిలక చిలకగా ఉండబట్టే దొర గురించి చెప్పగలిగింది, దొర గురించి చెప్పబట్టే ఇరవయ్యేళ్ల తర్వాత హెబ్రీ పత్రికను నాకు తెరిచింది.

రెండు వారాల తర్వాత ఆ కుర్రాణ్ణే ముందు నిలబెట్టి, అర్థాలేమీ చెప్పకుండా కథ చెప్పమన్నాను. గుహలో వంతెన విరిగి గాండాల్ఫ్ పడిపోయేదాకా వచ్చేసరికి ఆరాధనకు గంట కొట్టారు. అందరూ లేస్తుంటే, కుర్చీల దగ్గర నిలబడ్డ సంఘపెద్ద మెల్లగా అడిగాడు. ‘మల్ల ఆ ముసలాయన ఏమైండు?’

‘వచ్చే వారం చెప్తా పెద్దయ్యా’ అన్నాడు కుర్రాడు.