కరవులో కడుపు నింపిన జీలుగు

పోడు గింజలు అయిపోయి, కొత్త పంట ఇంకా చేతికి రాని రోజుల్లో గోదావరి కొండల్లోని కొండరెడ్లను ఆదుకున్నది జీలుగు చెట్టు. చెట్టును నరికి, పైనున్న గట్టి బెరడు చీల్చి, లోపలి మెత్తటి భాగాన్ని ముక్కలు కోసేవారు. వాటిని ఎండబెట్టి, దంచి, ఆ పిండితో జావ కాచుకునేవారు. మామిడి టెంకల్లోని పప్పునూ చేదు పోయేదాకా నీళ్లలో నానబెట్టి తినేవారు. 1941లో ఈ కొండల్లో తిరిగిన హైమెన్‌డార్ఫ్ 1945లో అచ్చయిన తన పుస్తకంలో ఈ తిండి గురించి రాశారు.

ఈ చెట్టే కల్లూ ఇస్తుంది. నరికితే ఇక కల్లు రాదు కనుక పిండి కోసం నరకడం ఆఖరి దారి. అలాంటి చెట్టుపై రంప మన్సబుదారు ‘చిగురు పన్ను’ వేశాడు. తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం కల్లును కాంట్రాక్టర్లకు అప్పగించి, ఇంటి అవసరానికి గీసుకోవడాన్ని కూడా నేరం చేసింది. 1879 మార్చిలో రగిలిన రంప తిరుగుబాటుకు ముఖ్య కారణాల్లో ఇదొకటి. దీన్ని కేవలం కల్లు కోసం జరిగిన గొడవగా చూడకూడదు. మంచి రోజుల్లో కల్లు, చెడ్డ రోజుల్లో కూడు పెట్టే చెట్టుపై హక్కు కోసం జరిగిన పోరాటమది.

నేడు మా హాస్టల్ పిల్లలు మూడు పూటలా అన్నం తింటున్నారు, సంతోషం. అయితే తాతలు మాను పిండి తిని బతికారని చెప్పుకోవడానికి సిగ్గెందుకు? ఏ చెట్టు తినొచ్చో, ఎలా వండాలో తెలియడం కూడా చదువే. పిల్లలూ, సెలవులకు ఇంటికెళ్లినప్పుడు పెద్దవాళ్లను అడిగి రాసుకు రండి.