రెంటచింతల ఎండలో ఎస్‌ఎస్‌డీ

మే నెల వచ్చిందంటే రెంటచింతల పేరు వార్తల్లో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎండ మండిపోయే ఊళ్లలో అది ముందు వరసలోది. గురజాల, మాచర్ల వైపు ఇళ్లలో మనుషులతో పాటు కంప్యూటరూ ఆ వేడినే పీలుస్తుంది. అందుకే ఏ ఎస్‌ఎస్‌డీ కొనాలని ఎవరడిగినా, పెట్టె మీది వేగం అంకె కన్నా ముందు కంప్యూటరు ఏ గదిలో ఉంటుందో కనుక్కుంటాను.

ఎస్‌ఎస్‌డీ విలువ తెలియాలంటే ముందు తిరిగే డిస్కు కథ చూడాలి. 1956లో ఐబీఎం తెచ్చిన తొలి హార్డ్ డిస్కు కంప్యూటరు రామాక్‌లో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. పట్టేది 50 లక్షల అక్షరాలు. కోరిన చోటికి చేరడానికి సగటున 600 మిల్లీసెకన్లు. పళ్లేలు చిన్నవై మన ఇళ్లకు వచ్చేసరికి ఆ సమయం 12, 13 మిల్లీసెకన్లకు దిగి అక్కడే ఆగిపోయింది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కు సగం చుట్టు తిరగడానికే 4 మిల్లీసెకన్లకు పైన పడుతుంది, మిగతాది చదివే హెడ్ జరగడానికి. అంటే సెకనుకు నూరు చిన్న ఫైళ్లు కూడా అందవు. విండోస్ తెరుచుకోవడానికి వేలకొద్దీ ఫైళ్లు కావాలి. పాత కంప్యూటరు ఆన్ చేసి మనం టీ తాగి వచ్చింది ఇందుకే.

ఆ తిరుగుడునే తీసేసింది ఎస్‌ఎస్‌డీలోని ఫ్లాష్ చిప్పు. తోషిబా ఇంజనీరు ఫుజియో మసుఓకా బృందం 1987లో నాండ్ ఫ్లాష్‌ను ప్రకటించింది. 1991లో సన్‌డిస్క్ ఐబీఎంకు అమ్మిన డ్రైవులో పట్టేది 20 మెగాబైట్లే, ధర మాత్రం వెయ్యి డాలర్లు! 2008లో ఇంటెల్ 80 గిగాబైట్ల డ్రైవు తెచ్చాక ఇది మామూలు కంప్యూటర్లలోకి రాసాగింది. 2013లో శాంసంగ్ ఫ్లాష్‌లో బిట్లు దాచే నిల్వ గదులను మేడలా 24 అంతస్తులు పేర్చింది. ఆ దారిన ధరలు దిగాయి.

అసలు గెంతు ఫైలును వెతికి అందించే సమయంలో జరిగింది. సాటా కేబులుతో తగిలించే ఎస్‌ఎస్‌డీ కోరిన ఫైలును మిల్లీసెకనులో పదోవంతులో అందిస్తుంది, హార్డ్ డిస్కు కన్నా వంద రెట్లు వేగంగా. 2011లో ఎస్‌ఎస్‌డీలను కంప్యూటరుతో కలిపే ఎన్‌విఎమ్‌ఈ పద్ధతి వచ్చి, సెకనుకు 550 మెగాబైట్ల దగ్గర ఆగిన సాటా హద్దును చెరిపేసింది. నేటి డ్రైవులు సెకనుకు 7000, కొన్ని 14000 మెగాబైట్లు కూడా చదువుతాయి. అయినా పాఠాలకు, బిల్లులకు, సినిమాలకు వాడే ఇంట్లో ఆ తేడా కంటికి ఆనదు. పెద్ద వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోవాళ్లకైతే నిజంగా పనికొస్తుంది.

వేగం పెరిగేకొద్దీ వేడీ పెరిగింది. చాలా డ్రైవులు 70, 80 డిగ్రీల మధ్య తమను తామే నెమ్మది చేసుకుంటాయి. గదిలోనే 40 దాటిన రోజున ఆ గీత ఎంతో దూరం ఉండదు. పిడుగురాళ్లలోనైతే సున్నపు దుమ్ము ఫ్యాన్లకు పట్టి గాలినీ ఆపేస్తుంది. కనుక మన ప్రాంతపు ఇంటికి ఎన్‌విఎమ్‌ఈ డ్రైవుల్లో మూడో తరం (జెన్ 3) లేదా నాలుగో తరం (జెన్ 4) రకం, ఒక్కో నిల్వ గదిలో మూడు బిట్లు దాచే టీఎల్‌సీ, పైన వేడిని లాగే హీట్‌సింక్ చాలు. ఈ డ్రైవులు దిగే ఎం.2 స్లాటు లేని పాత కంప్యూటరుకు సాటాదే మేలు, అది వేడెక్కడమూ తక్కువే.

ఇంకో మాట. ఎస్‌ఎస్‌డీలో సమాచారం విద్యుదావేశంగా నిలుస్తుంది, కరెంటు లేకుండా వదిలేస్తే అది మెల్లగా కారిపోతుంది, వేడికి ఇంకా త్వరగా. రాత ఆయుష్షు పూర్తయిన డ్రైవు కూడా సమాచారాన్ని కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది నిలపాలన్నది ప్రమాణం. మన బీరువాలో వేసవి అంతకన్నా వేడి. పెళ్లి ఫొటోల రెండో కాపీని నేను ఇప్పటికీ పాత పళ్లేల డిస్కులోనే దాస్తున్నాను.