ఈవీఎంకి కాపలా ఎవరు?

మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. పత్తి, మిరప, ఎలక్షన్లొస్తే పోలీసు పికెట్టు. ఆఫీసులో ఈవీఎంల మాటొస్తే మావాళ్ళంతా చిప్పు, సోర్స్ కోడు, హ్యాకింగు అంటారు. మా వైపు భయం అది కాదు, పెట్టెనే పగలగొట్టేవాడు.

చట్టం కథ కేరళలో మొదలైంది. 1982 మేలో పరవూరులో 50 బూతుల్లో యంత్రాలు పెట్టారు. శివన్ పిళ్ళై 123 ఓట్లతో గెలిచాడు. ఓడిన ఎ.సి. జోస్ సుప్రీంకోర్టుకెళ్ళాడు. చట్టంలో లేని యంత్రం చెల్లదని 1984లో తీర్పొచ్చింది. ఆ 50 బూతుల్లో మళ్ళీ పోలింగు పెడితే జోస్ గెలిచాడు! అప్పుడుగానీ పార్లమెంటు కదల్లేదు. 1989 మార్చి 15 నుంచి ప్రజాప్రాతినిధ్య చట్టంలోకి 61ఎ వచ్చింది. దాంతోపాటే బూత్ క్యాప్చరింగుకి శిక్ష వేసే 135ఎ కూడా.

రాష్ట్రమే గట్టి చట్టం చేసుకోవచ్చుగా అంటారా? అసెంబ్లీ ఎన్నికలకైనా పార్లమెంటు చట్టానిదే పైచెయ్యి. రాష్ట్రం చేతిలో ఉన్నవి పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలే. 2021లో మన పంచాయతీలకి ఓట్లు కాగితం మీదే వేశాం.

2024 మే 13న మాచర్ల నియోజకవర్గం పాల్వాయి గేటు 202వ బూతులో యంత్రాన్ని నేలకేసి కొట్టిన వీడియో అందరూ చూసే ఉంటారు. అది అప్పటి ఎమ్మెల్యేనే అని ఎన్నికల సంఘమే చెప్పింది. పగిలినా ఓట్లు పోలేదు. లెక్క ఉండేది కంట్రోల్ యూనిట్లో కాబట్టి, వేరే ఈవీఎంతో పోలింగు కొనసాగించారు. డిజైను నిలబడింది, కెమెరా సాక్ష్యమిచ్చింది.

అంటే అంతా బాగుందనా? కాదు. 2010లో మన హరిప్రసాద్ వేమూరు, మరో ఇద్దరు విదేశీ పరిశోధకులు ఈవీఎంని విప్పి లోపాలు చూపించారు. ఆ యంత్రం ఎక్కడిదో చెప్పమంటూ దొంగతనం కేసులో ఆయన్ని అరెస్టు చేశారు. 2013లో వీవీప్యాట్ రావడానికీ, 2019లో నియోజకవర్గానికి 5 బూతుల స్లిప్పులు లెక్కపెట్టడానికీ కోర్టు మెట్లెక్కాల్సొచ్చింది. 2024 ఏప్రిల్ తీర్పు ప్రకారం రెండు, మూడు స్థానాల్లో వచ్చినవాళ్ళు అడిగితే 5 శాతం యంత్రాల మైక్రోకంట్రోలర్లని పరీక్షించాలి. చేసేది తయారీ సంస్థ ఇంజనీర్లే. కోడు రాసినవాడే టెస్టింగు చేసి సైనాఫ్ ఇస్తే మన ప్రాజెక్టుల్లో ఒప్పుకుంటామా?

పగలగొట్టేవాడికి చట్టం ఉంది. తనిఖీ చేసేవాడికి కూడా చట్టంలో ఒక సెక్షను ఉండాలి. ప్రతిసారీ కోర్టు తీర్పు కోసం ఎదురుచూడటం కాదు. ఏమంటారు?