గృహహింస చట్టం పరిధిలోని సంబంధాలు: కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతం

గృహహింసపై ఫిర్యాదు చేసే స్త్రీకీ, ఎదుటి పక్షానికీ మధ్య ఉండాల్సిన బంధాన్ని చట్టం ‘గృహ సంబంధం’ అంటుంది. చట్టం గుర్తించిన బంధం ఉన్న ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నా, గతంలో ఎప్పుడైనా ఉన్నా ఈ సంబంధం కుదురుతుంది.

నిజాం పాలనలో ఆలుమగల తగాదాలు ఎక్కువగా కుల పెద్దల ముందు, గోండు గూడేల్లో పటేల్ ముందు తేలేవి. 1940లలో ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, వారిలో విడాకులకూ వితంతు వివాహానికీ ఆచారం అడ్డురాదని రాశాడు. 1955 నాటి హిందూ వివాహ చట్టం గోండుల వంటి షెడ్యూల్డు తెగలకు వర్తించదు.

భార్యపై క్రూరత్వాన్ని శిక్షించేందుకు 1983లో భారత శిక్షాస్మృతిలో చేరిన 498ఎ సెక్షన్ భర్తకూ, అతని బంధువులకూ పరిమితమైంది. కొడుకు కొట్టిన తల్లికి, అన్నదమ్ములు గెంటేసిన వితంతువుకు అందులో చోటు లేదు. ఆ లోటు తీర్చింది 2005 నాటి 43వ నంబరు చట్టం, అంటే గృహహింస చట్టం. 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చిన ఈ చట్టం రక్తసంబంధం, పెళ్లి, పెళ్లిలాంటి సహజీవనం, దత్తత, ఉమ్మడి కుటుంబం అనే అయిదు బంధాలను గుర్తించింది. మతం, తెగ అడగలేదు. కనుక ఆచారం ప్రకారం పెళ్లాడిన గోండు, కోలాం స్త్రీలూ దీని నీడలోకి వస్తారు. ఇల్లుటం అల్లుడు అత్తగారింట్లో ఉంటూ భార్యను హింసించినా అతను ప్రతివాదే. ఇది ఎంతో ఆలోచించి రాసిన నిర్వచనం.

ఇంటి విషయంలో మాత్రం పద్నాలుగేళ్లు చిక్కు నడిచింది. అత్త పేరున ఉన్న ఇంట్లో కోడలికి నివాస హక్కు రాదని 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. భర్త గల్ఫ్‌లో, తాను అత్తమామల ఇంట్లో ఉండే స్త్రీలు జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల్లో ఎందరో. వారికి ఈ తీర్పు పెద్ద దెబ్బ. 2020 అక్టోబరు 15న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని తిరగరాసింది. అత్తమామల సొంత ఇల్లయినా, కోడలు అక్కడ స్థిరంగా కాపురం ఉంటే అది ‘ఉమ్మడి నివాసం’ కావచ్చని తేల్చింది. ఆ ధర్మాసనంలో మెదక్ జిల్లాలో పుట్టిన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి కూడా ఉన్నారు. అంతకుముందే, 2016 అక్టోబరు 6న, ప్రతివాది ‘వయోజన పురుషుడు’ అయి ఉండాలన్న షరతును కోర్టు కొట్టేయడంతో స్త్రీలపైనా ఫిర్యాదుకు దారి తెరుచుకుంది.

సహజీవనానికి 2010 అక్టోబరు 21 తీర్పు గట్టి షరతులు పెట్టింది: లోకం ఎదుట దంపతుల్లా మెలగాలి, ఇద్దరికీ పెళ్లీడు వచ్చి ఉండాలి, పెళ్లికి వేరే అడ్డంకి ఉండకూడదు, తమంతట తాము చెప్పుకోదగ్గ కాలం కలిసి ఉండాలి. మగవాడికి పెళ్లయిందని తెలిసే అతనితో ఉన్న స్త్రీకి 2013 నవంబరు తీర్పూ రక్షణ ఇవ్వలేదు. అయితే అలాంటి స్త్రీల నిస్సహాయతను ఒప్పుకొని, పార్లమెంటు ఆలోచించాలని కోరింది. 1988లో రాష్ట్ర చట్టం నిషేధించిన జోగిని ఆచారం బారినపడి, పెళ్లయిన మగవాడి అండన బతికిన స్త్రీలకు ఈ షరతులు దాటడం కష్టం. చట్టంలో మిగిలిన అతి పెద్ద ఖాళీ ఇదే.

2024 జూలై 1 నుంచి 498ఎ స్థానంలో భారతీయ న్యాయ సంహితలోని 85, 86 సెక్షన్లు వచ్చాయి. వాటి పరిధి ఇప్పటికీ భర్త, అతని బంధువులే. 2005 చట్టం కింద మాత్రం హింస జరుగుతోందని తెలిసిన పొరుగువారైనా రక్షణాధికారికి చెప్పవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవారిపై కేసు ఉండదు.