లంకెబిందెలూ, పన్నెండు మాటలూ

ఈ మధ్య అమెరికాలో ఎక్కడ నలుగురు తెలుగువాళ్ళు కలిసినా, వీసా కబుర్లూ ఇళ్ళ ధరలూ అయిపోయాక మాట బిట్‌కాయిన్ మీదకి మళ్ళుతోంది. కొనాలా వద్దా, ధర ఎంత దాకా పోతుంది లాంటి ప్రశ్నలకి నా దగ్గర జవాబు లేదు. జోస్యం చెప్పే చదువు నేను చదవలేదు. కానీ "కొంటే ఎక్కడ పెట్టుకోవాలి?" అన్న ప్రశ్న వేరు. దానికి జవాబుంది. పైగా ఆ జవాబుకో చరిత్ర ఉంది.

కొత్తవాళ్ళకి చెప్పే సలహాలు మీరూ వినే ఉంటారు. ఎక్స్‌ఛేంజిలో వదిలేయకండి, పన్నెండు మాటలు కాగితం మీద రాసుకోండి, ఫోటో తీయకండి, ముందు కొంచెం పంపి చూడండి, వగైరా. ఇలా చెబితే ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేస్తాం. నిజానికి వీటిలో ప్రతిదాని వెనకా ఎవరో మునిగిన కథ ఒకటుంది. ఆ కథ తెలిస్తే సలహా దానంతటదే గుర్తుంటుంది. అందుకే ఈ సంగతిని చరిత్ర వరసలో చెప్పుకొద్దామనుకుంటున్నాను.

ముందు ఒక్క ముక్క, అసలిది ఏమిటో. 2008 అక్టోబరు 31న సతోషి నకమోతో అనే పేరుతో ఎవరో తొమ్మిది పేజీల వ్యాసం ఒకటి బయటపెట్టారు. 2009 జనవరి 3న మొదటి బ్లాకు పుట్టింది. దీన్ని అర్థం చేసుకోడానికి పాతకాలం కరణం గారి దస్తరాన్ని ఊహించుకోండి. ఏ పొలం ఎవరిదో అందులో రాసుంటుంది. ఆ దస్తరం కరణం గారింట్లో ఒక్కటే కాకుండా, ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ అచ్చం అలాంటి నకలే ఒకటుందనుకోండి. ఎవరూ దొంగతనంగా దిద్దలేరు, దిద్దితే మిగతా ఇళ్ళ నకళ్ళతో కలవదు. బిట్‌కాయిన్ అంటే అలాంటి దస్తరమే. మీ కాయిన్లు మీ కంప్యూటర్లో గానీ ఫోన్లో గానీ ఉండవు, దస్తరంలో ఉంటాయి. మీ దగ్గరుండేది ఒక్క తాళంచెవి మాత్రమే. అదీ నిజానికి ఒక పెద్ద సంఖ్య, 256 బిట్లది. ఆ సంఖ్య ఎవరికి తెలిస్తే వాళ్ళే యజమాని. మర్చిపోతే "నేనే ఫలానా వాణ్ణి" అని ఆధార్ కార్డు చూపించడానికి ఏ ఆఫీసూ లేదు.

మరి ఆ దస్తరంలోనే తప్పు జరగలేదా అంటే, ఒకసారి జరిగింది. 2010 ఆగస్టులో ప్రోగ్రాములో ఓవర్‌ఫ్లో బగ్గు ఒకటి వాడుకుని ఎవరో 18,400 కోట్ల బిట్‌కాయిన్లు సృష్టించారు. మొత్తం ఎప్పటికీ 2 కోట్ల 10 లక్షలు దాటకూడదన్నది నియమం! కొన్ని గంటల్లోనే కొత్త వెర్షన్ విడుదల చేసి ఆ బ్లాకుని రద్దు చేశారు. అప్పట్నించీ ఇప్పటిదాకా బిట్‌కాయిన్లో జనం పోగొట్టుకున్న పెద్ద మొత్తాలు దస్తరం చెడి పోయినవి కావు, తాళంచెవి దగ్గర పోయినవి. అది రెండు రకాలుగా పోయింది. తమ దగ్గరే పెట్టుకుని పోగొట్టుకున్నవాళ్ళు కొందరు, ఇంకొకరి చేతికిచ్చి పోగొట్టుకున్నవాళ్ళు కొందరు. ఈ చరిత్రంతా ఆ రెండు గోతుల మధ్య నడకే.

మొదటి గొయ్యి. తొలినాళ్ళలో ఎవరి వాలెట్ ఫైలు వాళ్ళ కంప్యూటర్లో ఉండేది. 2011 సెప్టెంబరులో వచ్చిన వెర్షన్ దాకా ఆ ఫైలుకి పాస్‌వర్డ్ పెట్టుకునే వీలే లేదు. ఫైలు దొరికితే కాయిన్లు దొరికినట్టే. 2011 జూన్‌లో ఒకాయన తన విండోస్ కంప్యూటర్ లోంచి 25 వేల బిట్‌కాయిన్లు పోయాయని మొత్తుకున్నాడు. బ్యాకప్ తీసుకున్నవాళ్ళకి ఇంకో తిరకాసు. ప్రోగ్రాము వంద తాళంచెవులు ముందుగా తయారుచేసి పెట్టుకునేది. అవి వాడేశాక కొత్తవి పుట్టేవి. పాత బ్యాకప్‌లో ఆ కొత్తవి ఉండవు కదా! అంచేత బ్యాకప్ ఉందన్న ధీమాతో ఉండి కూడా పోగొట్టుకునే వీలుండేది.

అప్పట్లో ఎవరూ దీన్ని డబ్బుగా చూడలేదని కూడా గుర్తుంచుకోవాలి. 2010 మే 22న ఫ్లోరిడాలో ఒక ప్రోగ్రామరు రెండు పిజ్జాలకి 10 వేల బిట్‌కాయిన్లు ఇచ్చాడు. అలాంటి రోజుల్లో హార్డ్ డిస్కు గురించి ఎవరు జాగ్రత్తపడతారు? వేల్స్‌లోని న్యూపోర్ట్ ఊళ్ళో 2013లో ఒకాయన హార్డ్ డిస్కు చెత్తలోకి పోయింది, అందులో ఎనిమిది వేల దాకా బిట్‌కాయిన్ల తాళంచెవి ఉందట. చెత్తగుట్ట తవ్వుకోనివ్వమని ఏళ్ళ తరబడి నగరపాలక సంస్థతో పోరాడాడు. 2025 జనవరిలో కోర్టు అతని దావా కొట్టేసింది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఉండే ఇంకో ప్రోగ్రామరుకి 7,002 బిట్‌కాయిన్లున్నాయి. తాళంచెవి ఒక పెన్ డ్రైవులో ఉంది. దాని పాస్‌వర్డ్ రాసుకున్న కాగితం పోయింది. పదిసార్లు తప్పు కొడితే ఆ డ్రైవు శాశ్వతంగా మూసుకుపోతుంది. 2021లో అతని కథ పత్రికల్లోకి వచ్చేనాటికే ఎనిమిది అయిపోయాయి.

మన ఊళ్ళల్లో లంకెబిందెల కథలు వినే ఉంటారు. తాతగారు ఎక్కడో పాతిపెట్టారు, చోటు చెప్పకుండా పోయారు, మనవలు గోడలన్నీ తవ్వేశారు అని. అవి కథలనుకునేవాళ్ళం. ఇవి మాత్రం నిజం. పైగా ఈ బిందెలు దస్తరంలో అందరికీ కనిపిస్తూనే ఉంటాయి, ఎవరూ ముట్టుకోలేరు.

ఈ తలనొప్పి ఎందుకని జనం రెండో దారి పట్టారు, ఎవరైనా మన బదులు దాచిపెడితే బాగుండునని. అలా వెలిగింది టోక్యోలోని మౌంట్ గాక్స్. పేరెలా వచ్చిందంటే, ఆ సైటు మొదట పెట్టింది 'మ్యాజిక్: ద గ్యాదరింగ్' అనే ఆట కార్డుల మారకానికి. 2010 జులైలో బిట్‌కాయిన్ మారకం మొదలెట్టి, 2013 నాటికి ప్రపంచంలో జరిగే బిట్‌కాయిన్ వ్యాపారంలో ఇంచుమించు 70 శాతం అక్కడే జరిగే స్థితికొచ్చింది. 2014 ఫిబ్రవరి 7న విత్‌డ్రాయల్స్ ఆపేశారు, 28న దివాలా. 8 లక్షల 50 వేల బిట్‌కాయిన్లు కనపడటం లేదన్నారు. తర్వాత పాత వాలెట్ ఒకటి వెతికితే 2 లక్షలు దొరికాయి. మిగతావి ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా కారిపోయాయి, స్క్రీన్ మీద బ్యాలెన్సు మాత్రం చెక్కు చెదరలేదు. ఖాతాదార్లకి బిట్‌కాయిన్లు తిరిగివ్వడం మొదలైంది 2024 జులైలో. పదేళ్ళు!

"తాళంచెవి నీది కాకపోతే కాసు నీది కాదు" అన్న మాట తలకెక్కింది ఈ దెబ్బకే. అదృష్టవశాత్తూ సరిగ్గా ఆ కాలంలోనే ఇంజనీర్లు మొదటి గోతికి ఒక మంచి వంతెన కట్టారు. 2013లో వచ్చిన ఒక ప్రమాణం ప్రకారం, 2,048 మామూలు ఇంగ్లీషు మాటల జాబితా లోంచి 12 గానీ 24 గానీ మాటలు వరసగా ఇస్తారు. ఆ వరస లోంచే మీ తాళంచెవులన్నీ పుడతాయి, ఇవాళ్టివీ, ముందుముందు రాబోయేవీ. బ్యాకప్ పాతబడటం అనే సమస్యే పోయింది. 2014లో ప్రాగ్ నగరం నుంచి ట్రెజర్ అనే చిన్న పరికరం వచ్చింది. తాళంచెవి అందులోనే ఉండి, సంతకం చేసిన లావాదేవీ మాత్రమే కంప్యూటర్‌కి వెళ్తుంది. కంప్యూటర్లో వైరస్ ఉన్నా తాళంచెవి దానికి చిక్కదు.

ఇందులోంచి వచ్చే ఆచారాలు ఇవి. ఆ మాటలు కాగితం మీదో లోహపు రేకు మీదో రాయాలి. ఫోటో తీస్తే అది మీకు తెలియకుండానే క్లౌడ్‌లోకి పోతుంది. ఏ సైటు అడిగినా, ఏ 'కస్టమర్ సపోర్ట్' అడిగినా టైపు చెయ్యకూడదు. పరికరం తయారీదారు దగ్గరే కొనాలి, మాటలు ముందే రాసిపెట్టి వస్తే అది దొంగది. 2020లో లెడ్జర్ అనే కంపెనీ ఖాతాదార్లు 2 లక్షల 70 వేల మందికి పైగా పేర్లూ ఇంటి చిరునామాలూ బయటపడ్డాయి. మరుసటి ఏడు కొందరి ఇళ్ళకి "మీ పాతది మార్చుకోండి" అని ఉత్తరంతో సహా నకిలీ పరికరాలే పోస్టులో వచ్చాయి. ఎంత ముందుచూపున్న దొంగలో చూడండి.

అయినా జనం రెండో గోతిలో పడటం మానలేదు. కెనడాలో క్వాడ్రిగా అనే ఎక్స్‌ఛేంజి ఉండేది. దాన్ని నడిపే ముప్ఫై ఏళ్ళ కుర్రాడు 2018 డిసెంబరులో మన జైపూరులో జబ్బుచేసి చనిపోయాడు. తాళంచెవులు అతనికొక్కడికే తెలుసన్నారు. 76 వేల మందికి పైగా ఖాతాదార్లకి 21.5 కోట్ల కెనడా డాలర్లు బాకీ. అయ్యో పాపం, లంకెబిందెల కథే అనుకున్నారంతా. తీరా 2020లో అంటారియో సెక్యూరిటీస్ కమిషన్ విచారణ చేసి చెప్పిందేమిటంటే, డబ్బులో ఎక్కువ భాగం అతను బతికుండగానే జూదంలా ఆడి పోగొట్టేశాడని. తాళంచెవి దొరికినా బిందె ఖాళీయే.

2022 మరీ దారుణం. సెల్సియస్ అనే సంస్థ 17 శాతం దాకా వడ్డీ ఇస్తామంటూ కాయిన్లు సేకరించి, జూన్‌లో తలుపులు మూసి జులైలో దివాలా తీసింది. 2023 జనవరిలో న్యాయమూర్తి ఏం చెప్పారంటే, వడ్డీ ఖాతాలో వేసిన కాయిన్లు సంస్థ ఆస్తేనని. మనం చదవకుండా 'ఐ అగ్రీ' నొక్కే షరతుల్లో ఆ ముక్క స్పష్టంగా ఉంది మరి. నవంబరులో ఎఫ్‌టీఎక్స్ కూలింది. ఖాతాదార్ల డబ్బు 800 కోట్ల డాలర్ల మేర దారి మళ్ళింది. దాని అధిపతికి 2024 మార్చిలో పాతికేళ్ళ శిక్ష పడింది.

మనవాళ్ళకీ దెబ్బ తగిలింది. 2024 జులై 18న ఇండియాలోని వజీర్ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్ల పైచిలుకు పోయాయి. ఒక్క సంతకంతో కదలని వాలెట్టే అది. అయినా పోయింది. ఖాతాదార్ల కాయిన్లు ఏడాదికి పైగా ఇరుక్కుపోయాయి. 2025 ఫిబ్రవరిలో బైబిట్ నుంచి 150 కోట్ల డాలర్ల విలువైన ఈథర్ పోయింది. సంతకం చేసినవాళ్ళకి స్క్రీన్ మీద అంతా సవ్యంగానే కనిపించింది. హైదరాబాదువాళ్ళకి 2001లో కృషి బ్యాంకు మూతపడ్డ రోజులు గుర్తుండే ఉంటాయి. బ్యాంకుకైతే ఎంతో కొంత డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంటుంది, ఇప్పుడు ఇండియాలో 5 లక్షల రూపాయలు, అమెరికాలో రెండున్నర లక్షల డాలర్లు. ఎక్స్‌ఛేంజిలో ఉన్న కాయిన్లకి అది వర్తించదు.

ఇంతకీ కొత్తగా దిగేవాళ్ళు ఏం చెయ్యాలి? నా లెక్క ఇది. కేవలం ధర మీద పందెం కాయాలనుకుంటే, తాళంచెవి గొడవే వద్దు. 2024 జనవరి నుంచి అమెరికాలో బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లున్నాయి, మామూలు బ్రోకరేజి ఖాతాలో కొనుక్కోవచ్చు. అసలు కాయినే కావాలంటే, మీరున్న దేశంలో లైసెన్సున్న ఎక్స్‌ఛేంజిలో కొనండి. లాగిన్‌కి ఎస్సెమ్మెస్ కోడు కాకుండా ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోండి, ఫోన్ నంబరుని దొంగలు తమ సిమ్ముకి మార్పించుకోగలరు. పోయినా నిద్ర పడుతుందనుకునేంత మొత్తం అక్కడే ఉంచొచ్చు. అది దాటితే సొంత పరికరం. పరికరంలోకి ముందు ఇరవై డాలర్లు పంపండి. తర్వాత పరికరాన్ని చెరిపేసి, కాగితం మీది మాటలతో మళ్ళీ తెరిచి చూడండి. ఆ ఇరవై డాలర్లు కనిపిస్తేనే మిగతాది పంపండి. ఈ పరీక్ష చెయ్యని బ్యాకప్ బ్యాకప్ కాదని మన వృత్తిలో అందరికీ తెలుసు, ఇంట్లో మాత్రం పాటించం.

వడ్డీ ఇస్తామన్నవాళ్ళకి ఇవ్వొద్దు. పొరపాటు నంబరని మెసేజి పెట్టి స్నేహం కలిపి, నాలుగు వారాలకి పెట్టుబడి మాట ఎత్తేవాళ్ళకి అసలే వద్దు. ఏ తేదీన ఎంతకి కొన్నారో రాసుకోండి. అమెరికాలో 2014 నుంచి ఇది పన్నుల శాఖ దృష్టిలో ఆస్తి. ఇండియాలో 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను, ఒకదాని నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తీసెయ్యడానికీ వీల్లేదు. ఊళ్ళో అమ్మానాన్నల పేరు మీద కొందామనుకునేవాళ్ళు ఈ సంగతి ముందే చూసుకోండి.

ఆఖరి మాట మాత్రం టెక్నాలజీ గురించి కాదు. మనలో చాలామంది ఇళ్ళల్లో బ్యాంకు ఖాతాలూ, స్టాకులూ, పాస్‌వర్డులూ ఒక్కరి తలలోనే ఉంటాయి. మిగతావాటికి ఫరవాలేదు. ఆ మనిషికేదైనా అయితే డెత్ సర్టిఫికెట్ చూపించి, ఆర్నెల్లు తిరిగితే బ్యాంకు ఇస్తుంది. ఈ దస్తరం దగ్గర ఆ సర్టిఫికెట్ తీసుకునేవాడు లేడు. అంచేత ఆ కాగితం రెండు నకళ్ళు రెండు చోట్ల ఉండాలి, ఒకటి ఇంట్లో, ఒకటి బ్యాంకు లాకర్లో. ఏ పరికరం, ఏ యాప్, ఏం చెయ్యాలి, ఎవరికీ చెప్పకూడదు అన్నది వేరే కాగితం మీద తెలుగులో సాఫీగా రాసి, మీ ఆవిడకో మీ ఆయనకో ఒకసారి చేసి చూపించండి. ఆమె ఒక్కతే కూర్చుని, మీరు పక్కన లేకుండా, ఆ ఇరవై డాలర్లు తెరవగలిగిందా? తెరవగలిగితే మీరు దాచినట్టు. లేకపోతే పాతిపెట్టినట్టే.